అయిదో మాట తర్వాత

ముత్తయ్యగారికి గంట అంటే ఒళ్లుమంట. గుడిగంట కాదు, ఆయన మంచం తలవైపు ఇనపకమ్మీకి భార్య సారమ్మ కట్టిన ఇత్తడిగంట. తెనాలి బజారులో కొట్టుకొట్టూ తిరిగి, చెవి దగ్గర పెట్టుకుని మోగించి మోగించి మరీ తెచ్చుకుంది మహాతల్లి. ఏం చేస్తుంది మరి? గుంటూరు ఆస్పత్రిలో క్యాన్సరని ఆయన స్వరపేటిక తీసేశారు. మెడ మధ్యన చిన్న రంధ్రం, రంధ్రంలో గొట్టం, ఊపిరంతా ఆ గొట్టంలోంచే. మంచం దిగి నడిచే ఓపిక లేదు, కేక లేదు, మూలుగు లేదు. మనిషి కావాలంటే గంటైనా కొట్టాలి కదా! ఆయన దాన్ని ఎగాదిగా చూసి, పలక మీద "నేను ఎద్దునా?" అని రాసి భార్య చేతిలో పెట్టాడు.

పక్కింటి మీరాబీ మాత్రం గంటని చూసి సంబరపడింది. "మొహమాటపడకుండా కొట్టండి అన్నయ్యగారూ. సారక్క ఇంట్లో లేకపోయినా నేను వింటా. కుట్టుమిషను వదిలేసి పరిగెత్తుకొస్తా" అంది. ఆయన మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

గంట అవసరం నిజంగానే ఉంది. గొట్టంలో గళ్ల అడ్డుపడితే ఊపిరి ఆగిపోతుంది. లోపలి గొట్టం బయటికి లాగి, కడిగి, మళ్లీ పెట్టాలి. ఒకసారి ఎవరినీ పిలవకుండా తనే లాక్కుంటే రక్తం కారింది, డాక్టరు చడామడా తిట్టాడు. అప్పట్నుంచి ఆయన దానిమీద చెయ్యి వెయ్యడు. సారమ్మో, కూతురు దీవెనో వచ్చి తియ్యాల్సిందే.

దీవెన ఆయనకి ఒక్కతే కూతురు. భట్టిప్రోలు స్కూల్లో టీచరు. ఆమె భర్త శ్యామ్ బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పని చేస్తాడు. రేపల్లెలో మామగారింట్లోనే కాపురం. ఎవరైనా "ఇల్లరికపు అల్లుడు" అని ఎకసెక్కాలాడితే, "మా మావయ్యగారి తిట్లు వినడానికే ఉంటున్నానండి" అని నవ్వేసేవాడు. ఆ తిట్లు ఆగిపోయాక ఇంట్లో అందరికంటే ఎక్కువ తల్లడిల్లింది అతనే.

తిట్లంటే మాటలా! తాలూకా ఆఫీసులో తెలుగు టైపిస్టుగా రిటైరైన ముత్తయ్యగారికి రెండింటి మీద గర్వం. ఒకటి, తన టైపులో తప్పు ఉండదు. మీటలు చూడడు, కాగితం చూడడు, కిటికీలోంచి ఎటో చూస్తూ టకటకా కొట్టేస్తాడు. రెండు, తన గొంతు. ఏటా గుడ్‌ఫ్రైడే నాడు గుళ్లో, అంటే చర్చిలో, ఏడుగురు పెద్దలు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగిస్తారు కదా, అందులో అయిదోది, దాహం గురించిన మాట, ఎన్నో ఏళ్లుగా ఆయనదే. మైకు పాడైనా చివరి బెంచీదాకా వినపడేది. అంతటితో ఊరుకునేవాడా! తన వంతు అయ్యాక బెంచీలో కూర్చుని, తర్వాత మాట్లాడేవాళ్లు అధ్యాయం తప్పు చెబితే అక్కడికక్కడే "తప్పు!" అని అరిచేవాడు. ఆరోమాట చెప్పే దేవదానంగారు ఏటా దొరికిపోయేవాడు.

అలాంటి మనిషి పలక మీద గీరుకుంటూ కూర్చుంటే చూడలేక శ్యామ్ ఒక ఉపాయం చేశాడు. తెనాలిలో కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడు ఫయాజ్‌ని అడిగి ఒక పాత లాప్‌టాప్ తెచ్చాడు. తనదొకటి ఎలాగూ ఉంది. తెచ్చినదాంట్లో తెలుగు టైపు మిషను మీటల వరస పెట్టించి మామగారి ఒళ్లో పెట్టాడు.

"ఇంటర్నెట్టూ వద్దు, మధ్యలో డబ్బా వద్దు, వైరు అసలే వద్దు మావయ్యగారూ. ఈ రెండూ వాటిలో అవే మాట్లాడుకుంటాయి. దీన్ని ఎడ్‌హాక్ నెట్‌వర్క్ అంటారు. మీ దాంట్లో కొత్తది పుట్టిస్తా, నా దాంతో వచ్చి కలుస్తా, అంతే. దీనికో పేరు పెట్టాలి. ఏం పెట్టమంటారు?"

ముత్తయ్యగారు పలక మీద "టైప్ సెక్షన్" అని రాశాడు. శ్యామ్ పకపకా నవ్వి ఆ పేరే పెట్టాడు, పాస్‌వర్డు పెట్టాడు, ఎప్పటికీ గుర్తుంచుకోమనే గడిలో టిక్కు కొట్టాడు. ముందుగదిలోకి తన లాప్‌టాప్ పట్టుకెళ్లి కలిపాడు. కాసేపటికి అందులో 'టింగ్' మని మోగి, తెర మీద అక్షరాలు వచ్చాయి: "ఒరేయ్ అల్లుడూ, నీ చొక్కా గుండీ ఊడింది, చూసుకోలేదా?"

దీవెన చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాన్న తిట్టాడు! ఎన్నాళ్లకి తిట్టాడు!

కాస్త తేరుకున్నాక ఆమె, "మీ దాంట్లో ఈ నెట్‌వర్క్ తీసేస్తే నాన్నకి తెలుస్తుందా?" అని శ్యామ్‌ని అడిగింది.

"మనకి పోతుంది. ఆయన దాంట్లో మాత్రం అలాగే ఉంటుంది, ఎవరైనా వచ్చి కలుస్తారేమోనని ఎదురుచూస్తూ. తెర మూలకి చూస్తే తెలుస్తుందిలే."

ముత్తయ్యగారు తెర మూలకి చూసే మనిషా! అసలు తెర వంకే చూడడు. కిటికీలోంచి గుడిగోడ మీది పిట్టల్ని చూస్తూ కొట్టడమే. ఆ రోజు నుంచి శ్యామ్ లాప్‌టాప్ ఇంట్లోనే ఉండిపోయింది. వంటింట్లో బియ్యం డబ్బా మీద పెడితే చారులో ఉప్పు తక్కువైందని వచ్చేది. ముందుగదిలో పెడితే టీవీ గొంతు తగ్గించమని వచ్చేది. గొట్టం అడ్డుపడితే "రండి" అని ఒక్కమాట వచ్చేది, ఎవరో ఒకరు పరిగెత్తేవాళ్లు. ఇత్తడిగంట కమ్మీకే వేలాడుతూ నల్లబడిపోయింది.

ఆ యేడు, రెండువేల తొమ్మిదిలో, గుడ్‌ఫ్రైడే ఎన్నికల ముందొచ్చింది. వీధంతా ప్రచారం ఆటోల గోల. ముత్తయ్యగారు ఒకరోజు పొద్దున్నే కొట్టాడు: "అయిదోమాట నేను చెబుతాను."

"కాగితం మీద కొట్టివ్వండి నాన్నా, నేను చదువుతా" అంది దీవెన.

"కాగితం చదివితే అది నీ ప్రసంగం. నేను ఇక్కణ్ణుంచి మాట్లాడతాను, నువ్వు అక్కడ నా గొంతువి. మాట పుట్టినప్పుడే వినపడాలి."

ఇల్లు సరిగ్గా గుడి ప్రహరీని ఆనుకునే ఉంది. మధ్యలో చిన్న దిడ్డి తలుపు. శ్యామ్ లాప్‌టాప్ పట్టుకుని ప్రసంగపీఠం పక్క కిటికీ దగ్గర నిలబడి చూశాడు. సిగ్నలు సన్నగానే వచ్చింది కానీ తెగలేదు. ఇక మిగిలింది సంఘం కమిటీని ఒప్పించడం.

కమిటీ అంటే దేవదానంగారే. ఆయన మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. "గుళ్లోకి ఇవాళ మిషను తెస్తారు, రేపు సినిమా తెస్తారు. అయినా అమ్మాయ్, మీ నాన్న సంగతి నాకు తెలీదా? తన మాట చెప్పి ఊరుకుంటాడా? నేను మాట్లాడుతుంటే టింగూ టింగూమని నా తప్పులన్నీ పంపిస్తాడు."

"పంపరు పెదనాన్నగారూ, నేను చెబుతాను కదా."

"నువ్వు చెబితే వినే మనిషైతే ఇంకేం! ఒక్కటే షరతు. అయిదోమాట అయిపోగానే, నేను పైకి లేవకముందే, ఆ కనెక్షన్ తీసెయ్యాలి. ఊరికే మూతపెట్టడం కాదు, పూర్తిగా తీసెయ్యాలి. ఒప్పుకుంటే సరే, లేదంటే ఈసారి అయిదోమాట వేరేవాళ్లకి ఇస్తాం."

దీవెన శ్యామ్ వంక చూసింది. "అలాగేనండి" అంది దీవెన.

ఆ షరతు తండ్రికి చెప్పాలనే అనుకుంది. చెప్పాలని రెండుసార్లు గదిలోకి వెళ్లింది కూడా. ఆయన తలకి నూనె రాయించుకుని, చేతివేళ్లు విరుచుకుంటూ, పరీక్షకి పోయే పిల్లాడిలా కూర్చున్నాడు. "మీ నోరు మూయించే షరతు మీద ఒప్పుకున్నారు నాన్నా" అని ఏ నోటితో చెబుతుంది? చెబితే "అయితే వాడి మాట వాణ్ణే చెప్పుకోమను" అని మూల కూర్చుంటాడు. పండగయ్యాక నవ్వుకుంటూ చెప్పొచ్చులే అనుకుంది పిచ్చితల్లి.

శుక్రవారం మధ్యాహ్నం సారమ్మ గొట్టం శుభ్రంగా కడిగి పెట్టి, "నేనుండిపోతా" అంది. ఆయన ఊరుకోలేదు: "నువ్వు వినకపోతే నేనెందుకు చెప్పడం? వెళ్లు. లైను ఉందిగా." సారమ్మ తెల్లచీర కట్టుకుని వెళ్లింది. వెళ్తూ వెళ్తూ గోడ మీదుగా "మీరాబీ, ఆయన ఒక్కరే ఉన్నారమ్మా" అని కేకేసింది. "గంట కొడితే చాలు, ఒక్క అంగలో ఉంటా" అంది మీరాబీ అవతల్నుంచి.

గుడి కిటకిటలాడుతోంది. ఉపవాసాలతో వాడిన మొహాలు, ఎండ, విసనకర్రల చప్పుడు. ఆ రోజు ఆరాధన మధ్యలో లేచి వెళ్లడమంటే సిలువ దగ్గర్నుంచి లేచిపోయినట్టేనని రేపల్లె గుడివాళ్ల లెక్క. పసిపిల్లల తల్లులు కూడా కదలరు. నాలుగోమాట అయ్యాక దీవెన పీఠం ఎక్కింది. ముందు స్టూలు మీద లాప్‌టాప్, పక్కన శ్యామ్. కాసేపు తెర ఖాళీగానే ఉంది. ఎవరో దగ్గారు. దేవదానంగారు వాచీ చూసుకున్నాడు.

టింగ్.

దీవెన చదవడం మొదలుపెట్టింది. "గుంటూరు ఆస్పత్రిలో ఆపరేషన్ అయిన సాయంత్రం నాకు దాహం వేసింది. నీళ్లు కావాలని చెప్పడానికి గొంతు లేదు. నర్సమ్మ అటూ ఇటూ తిరుగుతోంది, నన్ను చూడటం లేదు. పక్క మంచం దగ్గర అడవులదీవి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, కొడుకుని చూసుకోవడానికి వచ్చిన మనిషి, నా కళ్లలోకి చూసింది. ఏమీ అడక్కుండా తడిగుడ్డ తెచ్చి నా పెదాల మీద పెట్టింది. ఆమె పేరు నాకు తెలియదు."

అక్షరాలు వస్తున్నాయి, ఆమె చదువుతోంది. గోడవతల ఆయన వేళ్లు ఎంత జోరుగా ఆడుతున్నాయో ఆమెకి కళ్లకి కట్టినట్టు తెలుస్తోంది. మైకు ఇంటిదాకా వినిపిస్తుంది కాబట్టి ఆమె ఆగితే ఆయనా ఆగుతున్నాడు, ఆమె అందుకుంటే ఆయనా అందుకుంటున్నాడు. "దాహమన్నవాడికి ముందు నీళ్లు కాదు కావలసింది, ఆ మాట విన్నవాళ్లు. మీ ఇళ్లలో అరవలేనివాళ్లు ఎవరున్నారో ఇవాళ ఇంటికి వెళ్లి చూడండి. నా మాట అయిపోయింది." చివరి వాక్యం దగ్గర దీవెన గొంతు వణికింది. ఆడవాళ్ల వైపు సారమ్మ మొహం కొంగులో దాచుకుంది. గుడిలో సగంమంది ఏడుస్తున్నారు.

పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. దీవెన కళ్లు మూసుకుంది. శ్యామ్ కళ్లు తెరిచే ఉన్నాడు, ఎందుకంటే ఎదురుగా దేవదానంగారు కళ్లు తెరిచి అతన్నే గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. శ్యామ్ నెట్‌వర్కుల జాబితా తెరిచాడు, 'టైప్ సెక్షన్' మీద నొక్కాడు, తీసెయ్యి అన్నాడు. నిజంగా తీసెయ్యనా అని అడిగింది మిషను. అవునన్నాడు. ఆమెన్ అనేసరికి అంతా అయిపోయింది.

దీవెన కళ్లు తెరిచి చూసింది. జాబితాలో ఆ పేరు లేదు. దిగి దిడ్డి తలుపులోంచి ఒక్కసారి తొంగిచూసి వద్దామా అనుకుంది. దేవదానంగారు అప్పటికే మైకు అందుకున్నాడు. పీఠం మీద అందరి కళ్లముందూ కూర్చుని ఉంది, ఎలా లేస్తుంది? ఇంకో రెండు మాటలేగా అనుకుంది. దేవదానంగారు తన మాటని సాగదీసి సాగదీసి చెప్పాడు. ఆ తర్వాత ఏడోమాట, దీర్ఘ ప్రార్థన, కీర్తన.

ఆరాధన ముగిసీ ముగియగానే దీవెన దిడ్డి తలుపులోంచి పరిగెత్తింది. "నాన్నా, అందరూ ఏడ్చారు!" అని గుమ్మంలోంచే కేకేసింది.

ఆయన దిండుకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. చేతులు మీటల మీద ఉన్నాయి. మొహం నీలంగా మారింది, కళ్లు కిటికీ వైపే తెరుచుకుని ఉన్నాయి. దీవెన గొట్టం లాగింది. గట్టిగా ఎండిన గళ్ల ముద్ద దాంతోపాటు బయటికొచ్చింది. గుండెల మీద కొట్టింది, పిలిచింది, కుదిపింది. ఒళ్లు చల్లబడుతోంది. అప్పుడు తెర చూసింది.

"తల్లీ, బాగా చదివావు. చివర్లో గొంతు వణికింది, నీళ్లు తాగు."

"దేవదానం మళ్లీ అధ్యాయం తప్పు చెప్పాడు. నవ్వకు."

"గొట్టం అడ్డుపడింది. మీ అమ్మని పంపు."

"ప్రార్థనలో ఉన్నారు కదా. కానివ్వండి. అయ్యాక రండి."

"వస్తున్నారా"

"దీవెనా"

"రండి"

ఒక్క అక్షరం తప్పు లేదు. తెర మూల 'టైప్ సెక్షన్' అలాగే ఉంది, ఎవరైనా వచ్చి కలుస్తారేమోనని ఎదురుచూస్తూ. ఆయన తల పక్కనే కమ్మీకి గంట వేలాడుతోంది, చెయ్యెత్తితే అందేంత దగ్గరలో. లైను లేదని తెలిస్తే ఎద్దూ లేదు గాడిదా లేదు, కొట్టేవాడు. బతకాలనుకున్న మనిషి ఎందుకు కొట్టడు? లైను ఉందనుకున్నాడు. కూతురు వింటోందనుకున్నాడు. ఆ పైన ఆమె ప్రార్థన చెడగొట్టకూడదనుకున్నాడు!

ముందు వాకిట్లో సారమ్మ చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. దీవెన లాప్‌టాప్ మూత దించేసి, తండ్రి కళ్లు మూసి, మూతి తుడిచి, తల దిండు మీద వాల్చింది. ఆ తర్వాతే అరిచింది.

ఆర్ఎంపీ డాక్టరు వచ్చి నాడి చూసి గుండె ఆగిందన్నాడు. పోయినవాళ్లందరికీ ఆయన చెప్పేది అదే. శనివారం సమాధి చేశారు. "పరిశుద్ధుడమ్మా, మాట చెప్పి, మంచిరోజున నిద్రలోనే వెళ్లిపోయాడు" అని దేవదానంగారు కండువాతో కళ్లొత్తుకున్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపేమీ కాదు, అదే దీవెనకి మరీ మంట పుట్టించింది. సారమ్మ వచ్చినవాళ్లందరితోనూ అదే చెప్పుకుంది. "బాధపడలేదండి. నిద్రలోనే పోయారు. అంతవరకూ దేవుడు మేలే చేశాడు." మీరాబీ ఒక్కతే ఒక మూల కూర్చుని, "చెవి ఇటే పెట్టుకుని కూర్చున్నా సారక్కా. కుట్టు కూడా మానేశా. గంట మోగలేదు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది.

సోమవారం పొద్దున ఫయాజ్ దగ్గర తెచ్చిన లాప్‌టాప్ తిరిగిచ్చేద్దామని శ్యామ్ గదిలోకి వచ్చాడు. "ఇందులో కూడా ఆ నెట్‌వర్క్ తీసేసి ఇచ్చేస్తా. నాదాంట్లో అప్పుడే తీసేశాగా" అంటూ మూతెత్తాడు. దీవెన ఆపుదామనుకుని ఆగిపోయింది. ఎన్నాళ్లని ఆపుతుంది?

తెర వెలిగింది. శ్యామ్ చదివాడు. మంచం పట్టె మీద కూర్చుని మళ్లీ మొదట్నుంచి చదివాడు.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"తీసింది మీరు. తీస్తామని ఒప్పుకుంది నేను. నాన్నకి చెప్పకుండా దాచిందీ నేనే. చెప్పి మిమ్మల్ని కూడా చంపనా?" అంది దీవెన. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

అంతలో సారమ్మ దుప్పట్లు ఉతకడానికి తీసుకుందామని వచ్చింది. ఇద్దర్నీ చూసింది, వెలుగుతున్న తెరనీ చూసింది. కళ్లజోడు వంటింట్లో ఉంది. "ఏంటే? ఆయనేమన్నా రాశారా?"

దీవెన తెర తనవైపు తిప్పుకుంది.

"రాశారమ్మా. బాగా చదివావన్నారు. గొంతు వణికింది, నీళ్లు తాగమన్నారు."

"ఊఁ."

"దేవదానం పెదనాన్న అధ్యాయం తప్పు చెప్పాడట. నవ్వొద్దన్నారు."

సారమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "ఆయనంతే! పోతూ పోతూ కూడా తప్పులెన్నుకున్నాడు. ఇంకేమన్నా అన్నారా?"

"అంతేనమ్మా. ఆ తర్వాత నిద్రపోయినట్టున్నారు."

సారమ్మ తృప్తిగా తల పంకించింది. దీవెన లాప్‌టాప్ తన ఒళ్లోకి తీసుకుని ఆ మాటలన్నీ చెరిపేసింది. తర్వాత 'టైప్ సెక్షన్' మీద నొక్కి, తీసెయ్యి అంది. నిజంగా తీసెయ్యనా అని అడిగింది. ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. శ్యామ్ ఆమె చెయ్యి మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి నొక్కారు.

సారమ్మ దుప్పటి దులిపింది. దుప్పటి కొస కమ్మీకి తగిలి, ఇన్నాళ్లూ ఎవరూ ముట్టని ఆ ఇత్తడిగంట గణగణా మోగింది.

గోడవతల కుట్టుమిషను టక్కున ఆగింది. ఏదో గిన్నె కిందపడిన చప్పుడు, ఆ వెంటనే వాకిట్లో అడుగుల చప్పుడు. మీరాబీ చెప్పుల్లేకుండా, మెడలో టేపుతో, రొప్పుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమైంది సారక్కా? గంట వినపడింది" అంది.